పుష్కరాల డబ్బుతో ముందు మురుగు సంగతి చూడండి: రాజమండ్రి నుంచి బహిరంగ లేఖ

గోదావరి పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న జిల్లా కలెక్టర్ గారికి, నగర పాలక సంస్థ కమిషనర్ గారికి, మా ఎంపీ, ఎమ్మెల్యేలకు, ఆర్టీసీ, రైల్వే అధికారులకు,

నమస్కారం.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 1991, 2003, 2015... పన్నెండేళ్లకోసారి మా ఊరికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. వాళ్లతోపాటు ప్రభుత్వాల డబ్బూ వస్తుంది. మామూలు రోజుల్లో అడిగి అడిగి విసిగిపోయిన పనులు కూడా పుష్కరాల పేరు చెబితే కదులుతాయి. ఇది మాకూ తెలుసు, మీకూ తెలుసు. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఇంకా మీ చేతుల్లో ఉండగానే మా మాట చెవిన వేద్దామని ఈ ఉత్తరం.

మేం ఏ పార్టీకీ చెందినవాళ్లం కాదు. ఆర్యాపురం, తుమ్మలావ, సీతంపేట, ఇన్నీసుపేట, దానవాయిపేట వైపు ఏళ్ల తరబడి ఉంటున్న ఇరుగుపొరుగు వాళ్లం. ఉద్యోగాలు చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు, చిన్న షాపు నడుపుకునేవాళ్లు, కాలేజీ పిల్లల తల్లులు ఉన్నాం. నలుగురం ఎక్కడ కూర్చున్నా ఊరికి ఏం కావాలన్న దగ్గరికే మాట వస్తుంది. అందరి మాటా కలిపి కాగితం మీద పెట్టే పని నాకు అప్పజెప్పారు. అన్నిటిలోనూ అందరం ఏకాభిప్రాయంతో లేం. కానీ మొదటి నాలుగు పనులు ఏవి అన్నదాంట్లో పెద్దగా తేడా రాలేదు.

అసలు సంగతికి వచ్చే ముందు ఒక్క మాట. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు పొద్దున పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లు. పుణ్యస్నానానికని మా ఊరొచ్చి ఇళ్లకు తిరిగి వెళ్లలేకపోయారు. విచారణ కమిషన్ వేశారు, నివేదిక వచ్చింది, అసెంబ్లీలో చర్చ జరిగింది. ఆ బాధ ఈ ఊరికి ఇంకా పోలేదు. పుష్కరాల గురించి మేం ఏం రాసినా ఆ రోజును గుర్తుపెట్టుకునే రాస్తున్నాం.

మేం అడిగేది ఇది. ఏ పనికైనా డబ్బు మంజూరు చేసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: పుష్కరాలు ముగిసిన మర్నాడు నుంచి ఊళ్లో వాళ్లకి ఇది ఎందుకు పనికొస్తుంది? జవాబు గట్టిగా చెప్పగలిగిన పనుల్ని ముందు పెట్టండి. చెప్పలేనివి చివర్లో, డబ్బు మిగిలితే చేయండి. రంగుల దీపాలు, స్వాగత ద్వారాలు, గోడల మీద బొమ్మలు మాకూ ఇష్టమే. కానీ చుట్టాలొస్తున్నారని ముందు గదికి సున్నం కొట్టించి, పెరట్లో పొంగుతున్న మురుగును అలాగే వదిలేస్తే ఆ ఇంటి మర్యాద ఏం నిలుస్తుంది?

ఆ మురుగుతోనే మొదలుపెడతాను. మా అందరి జాబితాలోనూ మొదటిది అదే.

రాజమండ్రిలో ఎక్కువ భాగానికి ఇప్పటికీ భూగర్భ డ్రైనేజీ లేదు. ఇళ్ల నుంచి వచ్చే వాడుక నీరు, సెప్టిక్ ట్యాంకుల నుంచి పొంగిన నీరు, వాన నీరు అన్నీ రోడ్డు పక్క కాలువల్లోకే వెళ్లాలి. అవి ఊరి పెద్ద మురుగు కాలువలైన నల్లా ఛానల్‌లోకి, ఆవ ఛానల్‌లోకి చేరాలి, అక్కడి నుంచి గోదావరి దారి పట్టాలి. ఎండాకాలంలో ఎలాగో నెట్టుకొస్తాం. వానాకాలంలో గంటసేపు గట్టి వాన పడితే కంబాలచెరువు, ఆర్యాపురం, తుమ్మలావ, రైల్వే స్టేషన్ వైపు రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. రైలు పట్టాల కింద దారుల్లో నీళ్లు చేరితే ఊరు రెండు ముక్కలవుతుంది. ఇటువాళ్లు అటు వెళ్లాలంటే ఊరంతా చుట్టి రావాలి.

పల్లపు వీధుల్లో వానాకాలం ఎలా గడుస్తుందో పై అధికారులు ఒక్కసారి దగ్గరుండి చూడాలి. మబ్బు పట్టగానే ఆడవాళ్లు చేసే మొదటి పని బియ్యం డబ్బాలు, గ్యాస్ సిలిండరు, పిల్లల పుస్తకాలు మంచాల మీదికి చేర్చడం. రెండో పని, స్నానాల గది తూములో గోనెసంచి ముక్క కుక్కి దాని మీద రుబ్బురోలు పెట్టడం. లేకపోతే వీధి కాలువలో నీరు ఆ తూములోంచే ఎగదన్ని ఇంట్లోకి వస్తుంది. రోలు పెట్టినా అంచుల నుంచి నల్లటి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. నీళ్లు తీశాక గోడ మీద జానెడు ఎత్తున నల్ల చార మిగులుతుంది. సున్నం వేసినా మళ్లీ వానకు అదే ఎత్తున అదే చార. ఆ ఇళ్లలో పసిపిల్లలున్నారు, బాలింతలున్నారు, మంచం దిగలేని ముసలివాళ్లున్నారు. నీళ్లు తీసిన వారం పది రోజులకు జ్వరాలు, విరేచనాలు మొదలవుతాయి.

దీనికి కారణం వాన ఒక్కటే అయితే కొంత సర్దుకునేవాళ్లం. గోదావరికి వరద వచ్చినప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది ఎత్తున ఉన్నప్పుడు పల్లంలో ఉన్న కాలువ నీరు దానిలోకి దిగదు. పైగా నది నీరే కాలువలోకి ఎదురొస్తుంది. తూము తలుపులు మూస్తే ఊరి నీరు ఊళ్లోనే ఉండిపోతుంది. అప్పుడు దిక్కు మోటార్లే. కరెంటు పోయినా, మోటారు మొరాయించినా ఆ రాత్రి ఆ వీధుల్లో ఎవరికీ నిద్ర ఉండదు.

పుష్కరాలు వచ్చేది ఏ కాలంలో? 2015లో జూలై 14 నుంచి 25 వరకు జరిగాయి. ఈసారి కూడా వానల కాలంలోనే. అంటే లక్షల మంది బయటివాళ్లు మన రోడ్ల మీద ఉండే రోజులు, మన కాలువలు పొంగే రోజులు రెండూ ఒకటే. ఆ పన్నెండు రోజుల్లో ఒక్క రాత్రి కుండపోత పడితే రైల్వే స్టేషన్ నుంచి ఘాట్లకు నడిచే జనం ఏ నీళ్లలో నడుస్తారు? మూత లేని మ్యాన్‌హోల్ ఆ నీటి కింద ఉంటే? జన రద్దీకి దారులు గీసేవాళ్లు, మురుగు కాలువలు చూసేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ లెక్క చూడాలి. యాత్రికుల భద్రతకూ, మా పల్లపు వీధులకూ మందు ఒకటే కాబట్టి ఈ పనికి పుష్కరాల నిధి వాడితే ఎవరూ తప్పుపట్టరు.

ఇంకో సంగతి ఉంది. అది మా ఒక్క ఊరిది కాదు. మనం వదిలే మురుగు చేరేది ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి అక్కడి కాలువలే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రాణం. పది లక్షల ఎకరాలకు పైగా తడిపే ఆ నీళ్లనే ఊళ్లలో చెరువులకు నింపుకుని తాగుతారు. కోనసీమలో మా ఆడపడుచు గ్లాసులో పోసుకునే నీటిలో మా వీధి కాలువ వాటా కూడా ఉందంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. హుకుంపేట దగ్గర శుద్ధి కేంద్రం ఉంది. జాతీయ నదీ పరిరక్షణ పథకం కింద రాజమండ్రి దగ్గర గోదావరి కాలుష్యం తగ్గించే ప్రాజెక్టు కూడా మంజూరైంది. ఆ పనులు ఎంతవరకు వచ్చాయో, ఊరి మురుగులో ఎంత వంతు శుద్ధి అయి నదిలో కలుస్తోందో, ఎంత వంతు నేరుగా కలుస్తోందో నెలనెలా బోర్డు మీద రాసి పెట్టండి. పుష్కర స్నానం చేసేవాళ్లకి ఆ లెక్క తెలుసుకునే హక్కుంది.

కాబట్టి మొదటి కోరిక: నల్లా ఛానల్, ఆవ ఛానల్ మొదటి నుంచి చివరిదాకా పూడిక తీసి, ఒడ్డు గోడలు సరిచేసి, నదిలో కలిసే చోట్ల పంపులకు జనరేటర్లతో సహా పూర్తి ఏర్పాటు చేయండి. వీధి కాలువల వాలు ఎటు ఉందో సర్వే చేయించి, ఎదురు వాలున్న చోట తిరిగి కట్టండి. కొత్త సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లు గోతిలోకి పోతున్నాయి. పాత రోడ్డు తవ్వి తీశాకే కొత్తది వేయాలన్న షరతు టెండర్‌లోనే పెట్టండి. కాలువలోంచి తీసిన సిల్టును గట్టు మీదే వారాల తరబడి వదిలేస్తే తర్వాతి వానకు అది మళ్లీ కాలువలోకే పోతుంది. తీసిన రోజే లారీకెత్తాలి. పూడిక తీసే మనుషులకు చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి. చేతులతో మలినం ఎత్తించడం చట్టరీత్యా నేరం. పుష్కరాల తొందరలో ఈ మాట మరిచిపోవద్దు.

ఇక ఘాట్ల గురించి. కోటిలింగాల ఘాట్ నుంచి గౌతమి ఘాట్ వరకు ఈ గట్టు మా ఊరి ముంగిలి. పొద్దున నడకకు వెళ్లేవాళ్లు, రోజూ స్నానం చేసే పెద్దలు, పితృకార్యాలకు దూరం నుంచి వచ్చే కుటుంబాలు, సాయంత్రం హారతికి వచ్చేవాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు. వాళ్లకి కావలసినవి చాలా మామూలువి: పాచి పట్టని మెట్లు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు, ఆడవాళ్లు తడి బట్టలు మార్చుకునేందుకు గొళ్లెం పడే తలుపున్న గదులు, తాగే నీరు, లైట్లు. ఇవన్నీ పన్నెండు రోజులకు రేకులతో నిలబెట్టి తీసేసేవి కాకుండా శాశ్వతంగా కట్టండి. ఘాట్‌కు వచ్చే దారి, వెళ్లే దారి వేరుగా ఉండేలా పక్క వీధుల్ని ఇప్పుడే వెడల్పు చేయండి. ఇరుకు గేట్లు తీసేయండి. ఏ ఘాట్‌లో ఒక్కసారి ఎంతమంది నిలబడగలరో లెక్క కట్టి బోర్డు మీద రాయండి. జనమంతా పుష్కర ఘాట్‌కే ఎందుకు ఎగబడతారంటే, మిగతా ఘాట్లకు దారి చెప్పేవాళ్లు, తీసుకెళ్లే బస్సు లేక. ఏ రేవులో మునిగినా గోదావరి ఒక్కటేనని మన పెద్దలు చెప్పేదే. ఆ మాట యాత్రికులకు ముందునుంచీ చెప్పాలి.

బస్సు మాట వచ్చింది కాబట్టి రెండో కోరిక చెబుతాను.

జిల్లాల విభజన తర్వాత 2022 ఏప్రిల్ నుంచి రాజమండ్రి తూర్పు గోదావరి జిల్లా కేంద్రం. 2011 లెక్కల్లోనే జనాభా 3 లక్షల 40 వేలు దాటింది. చుట్టుపక్కల కాతేరు, ధవళేశ్వరం, హుకుంపేట, బొమ్మూరు, లాలాచెరువు, దివాన్‌చెరువు అన్నీ ఊళ్లో కలిసిపోయినట్టే ఉన్నాయి. ఇంత ఊరికి ఒక చివర నుంచి ఇంకో చివరకు నమ్ముకోదగ్గ సిటీ బస్సు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ ఒకచోట, గోకవరం బస్టాండ్ ఇంకోచోట, కోటిపల్లి బస్టాండ్ మరోచోట, రైల్వే స్టేషన్ వేరేచోట. ఈ నాలుగింటినీ కలుపుతూ పది నిమిషాలకో పావుగంటకో ఒక బస్సు తిరిగితే చాలు, సగం ఊరి అవసరం తీరుతుంది. రైల్వే స్టేషన్, కోటిపల్లి బస్టాండ్, పుష్కర ఘాట్, కోటగుమ్మం, దేవీచౌక్, గోకవరం బస్టాండ్, ప్రభుత్వాసుపత్రి, కంబాలచెరువు, ఆర్టీసీ కాంప్లెక్స్, మళ్లీ స్టేషన్. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. ఇది కాక దివాన్‌చెరువు మీదుగా నన్నయ యూనివర్సిటీ దాకా ఒక రూటు, ధవళేశ్వరం మీదుగా కడియం దాకా ఒక రూటు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకం. పల్లెల నుంచి ఊరికి వచ్చే ఆడవాళ్లకు అది నిజంగా చేతిలో నాలుగు డబ్బులు మిగులుస్తోంది. కానీ ఊరి లోపల బస్సే లేకపోతే ఉచితం దేనికి వర్తిస్తుంది? తుమ్మలావలో ఉండి దానవాయిపేటలో ఇంటిపనికి వెళ్లే ఆవిడకు ఆధార్ కార్డు చూపించడానికి బస్సు రావాలి కదా. ఆమె రోజూ షేర్ ఆటోకే ఇచ్చుకుంటోంది. నెలాఖరుకు అది జీతంలో ఎంత పోతుందో ఆమెకు తెలుసు. పీఎం ఈ-బస్ సేవ పథకంలో మన రాష్ట్రం నుంచి ఎంపికైన నగరాల్లో రాజమండ్రి పేరు కూడా ఉంది. ఆ బస్సులు వచ్చినప్పుడు వాటిని దూరపు ఊళ్లకు మళ్లించకుండా ఊరి లోపలే తిప్పండి. ఏ రూటులో, ఎన్ని గంటలకు, ఆఖరి బస్సు ఎప్పుడు అన్నది ప్రతి స్టాపులో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రి రైలు దిగినవాళ్లకు కూడా ఒక బస్సుండాలి. ఒంటరిగా దిగిన ఆడపిల్ల ఆటో బేరమాడుతూ స్టేషన్ బయట నిలబడే టెన్షన్ తల్లిదండ్రులకే తెలుస్తుంది.

ఆటోవాళ్ల పొట్ట కొట్టమని మేం అనడం లేదు. మా వీధుల్లోనే చాలా ఇళ్లు ఆటో మీద బతుకుతున్నాయి. వాళ్లకు నిలుపుకునే చోటు చూపించండి. దేవీచౌక్‌లోనూ కంబాలచెరువు దగ్గరా ట్రాఫిక్ ఆగిపోతోందంటే ఆటో ఆపుకునే జాగా లేకనే. పెద్ద రోడ్ల మీద బస్సు, పక్క వీధుల నుంచి ఆ రోడ్ల దాకా ఆటో, దూరాన్ని బట్టి రేటు బోర్డు. ఆటో యూనియన్ల వాళ్లను పిలిచి కూర్చోబెట్టి ఈ ఏర్పాటు చేస్తే వాళ్లే సాయపడతారు. పుష్కరాల్లో కూడా యాత్రికుల దగ్గర నాలుగింతలు గుంజారన్న చెడ్డపేరు వాళ్లకూ ఉండదు, ఊరికీ ఉండదు.

మూడోది మరుగుదొడ్లు. ఇది చెప్పడానికి మా ఆడవాళ్లు ముందు సిగ్గుపడ్డారు, తర్వాత వాళ్లే ఎక్కువ గట్టిగా చెప్పారు. కడియపులంక నుంచి పూలు తెచ్చి ఊళ్లో అమ్ముకునే ఆవిడ తెల్లవారకముందే ఇంట్లో బయలుదేరుతుంది. గంప దించి, తడిగుడ్డ కప్పి, కనకాంబరాలు, చామంతులు మూరలేసి అమ్ముతూ మధ్యాహ్నం దాకా ఎండలోనే కూర్చుంటుంది. పక్కనే నీళ్ల సీసా ఉంటుంది, కానీ అందులో నీళ్లతో పూలనే తడుపుతుంది. తాను గుక్కెడే తాగుతుంది. ఎందుకంటే వెళ్లడానికి చోటు లేదు. గంప ఎవరికో అప్పజెప్పి వెళ్లినా, ఉన్న ఒక్క టాయిలెట్‌కు తాళమో, నీళ్లు లేకపోవడమో. మూత్రం మంట, నడుము నొప్పి, మళ్లీ మళ్లీ ఆసుపత్రి. తాడితోట బట్టల షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే అమ్మాయిలదీ ఇదే కథ.

మెయిన్ రోడ్, దేవీచౌక్, గోకవరం బస్టాండ్, తాడితోట, కంబాలచెరువు, కోటిపల్లి బస్టాండ్, క్వారీ మార్కెట్ సెంటర్. ఈ ఏడు చోట్లా ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు వేరుగా, దివ్యాంగులు చక్రాల కుర్చీతో వెళ్లేలా టాయిలెట్లు కట్టండి. కట్టడం సులువే, నడపడమే కష్టం. నిర్వహణ ఖర్చు కూడా ఇప్పుడే అంచనాలో పెట్టండి. వీలైతే అక్కడి మహిళా సంఘాలకే జీతంతో అప్పజెప్పండి. పుష్కరాలకు వేలకొద్దీ తాత్కాలిక టాయిలెట్లు పెడతారని తెలుసు. అందులో కొంత డబ్బు తీసి ఈ ఏడింటికి ఇస్తే ఆ పూలావిడ నీళ్లు తాగుతుంది.

నాలుగోది నడిచే దారి. కోటగుమ్మం నుంచి దేవీచౌక్ దాకా నడిచి చూడండి. ఫుట్‌పాత్ కొంతదూరం ఉంటుంది, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం, తర్వాత బైకులు, తర్వాత పలకలు విరిగిన కాలువ. డెబ్బై ఏళ్ల మనిషి మందుల షాపు దాకా వెళ్లాలంటే లారీ పక్కనుంచి నడవాలి. దీన్ని బాగుచేయమంటే వెంటనే తోపుడు బండ్లను ఎత్తేయడం మొదలవుతుందేమోనని మా భయం. బతుకుదెరువు చూసుకునేవాళ్లను తరిమేస్తే మాకు దారి వచ్చినట్టు కాదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నలభై శాతానికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఆ కమిటీని కూర్చోబెట్టి ఎవరి బండి ఎక్కడ అన్నది గీత గీయండి. ముందు పెద్ద షాపుల మెట్లు, రేకుల షెడ్లు, రోడ్డు మీదికి వచ్చిన బోర్డులు తీయించండి. తోపుడు బండి కంటే అవి ఎక్కువ జాగా తింటున్నాయి.

కొవ్వూరు వంతెన సంగతి క్లుప్తంగా. 1974 నుంచి రోడ్డు కం రైలు వంతెన రెండు ఒడ్లనూ కలుపుతోంది. చదువుకి, ఉద్యోగానికి, వైద్యానికి అవతలి గట్టు నుంచి రోజూ వేలమంది వస్తారు. 2023లో మరమ్మతులకని దాన్ని వారాల తరబడి మూసినప్పుడు వాళ్లు గామన్ బ్రిడ్జి మీదుగానో, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో చుట్టి రావలసి వచ్చింది. వంతెన ఎంత గట్టిగా ఉందో నిపుణులతో పరీక్ష చేయించి, ఫలితం పుష్కరాలకు ముందే బయటపెట్టండి. మూయక తప్పని రోజులుంటే ముందే తేదీలు చెప్పి, ఆ రోజుల్లో కొవ్వూరు దాకా అదనపు మెమూ రైళ్లు, బస్సులు వేయండి. హేవలాక్ వంతెనను అఖండ గోదావరి ప్రాజెక్టులో పర్యాటక కేంద్రం చేస్తున్నందుకు సంతోషం. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన వంతెన అది, తుప్పు పట్టి పోకూడదు. దాని మీద సాయంత్రం పూట ఊళ్లోవాళ్లు నడవడానికి టికెట్టు లేకుండా కొంత దారి వదలండి.

ప్రభుత్వాసుపత్రి 2023లో మెడికల్ కాలేజీ వచ్చాక బోధనాసుపత్రి అయింది. రోగులు పెరిగారు, దారి మాత్రం పెరగలేదు. అంబులెన్సుకు అడ్డం లేని ఒక వరుస, రోగుల వెంట వచ్చినవాళ్లు రాత్రి పడుకునేందుకు ఒక షెడ్డు ఉంటే చాలు, ఎన్నో కుటుంబాలు దణ్ణం పెడతాయి.

ఇవన్నీ మీకు ఇలా పత్రికాముఖంగా ఎందుకు రాయాల్సి వస్తోందో కూడా చెప్పాలి. మాకు కార్పొరేటర్ లేడు. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021లో రాష్ట్రంలో పుర ఎన్నికలు జరిగినప్పుడు చుట్టుపక్కల పంచాయతీల విలీనం, కోర్టు వ్యాజ్యాల కారణంగా రాజమండ్రికి జరగలేదు. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి చేయాలని రాజ్యాంగంలో 243-యు అధికరణం చెబుతోంది. ఊళ్లో 50 డివిజన్లుంటే ఒక్క డివిజన్ తరఫునా అడిగే మనిషి లేకుండా ఏళ్లు గడిచాయి. పాలకవర్గం బదులు ఊరు నడిపే ప్రత్యేకాధికారులు మంచివాళ్లే కావచ్చు. కానీ కాలువ పొంగిన రాత్రి రెండు గంటలకు వెళ్లి తలుపు కొట్టగలిగేది కార్పొరేటర్ ఇంటినే. వందల కోట్ల పనులు ఊళ్లో జరగబోతుంటే, వాటి మీద చర్చించే కౌన్సిల్ లేకపోవడం చిన్న లోటు కాదు. ఎన్నికలు జరిపించమని ప్రభుత్వాన్ని గట్టిగా కోరుతున్నాం.

అప్పటిదాకా ఆగాల్సిన పనిలేదు. మూడు లక్షల జనాభా దాటిన ప్రతి నగరంలోనూ వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతోంది. ఆ స్ఫూర్తితో ప్రతి డివిజన్‌లో ఒక సమావేశం పెట్టండి. ఆఫీసు వేళల్లో పెడితే వచ్చేది ఖాళీగా ఉన్నవాళ్లే. ఆదివారమో, సాయంత్రం ఆరు తర్వాతో పెట్టండి. ఆడవాళ్లకు వేరుగా ఒక గంట ఇవ్వండి, మగవాళ్ల ముందు టాయిలెట్ల మాట ఎవరూ ఎత్తరు. ఇంజినీర్లు మ్యాపులు తెచ్చి గోడకు అంటించాలి. మా వీధి కాలువ నీరు ఎటు పోతుందో వేలు పెట్టి చూపించాలి. తప్పుంటే అక్కడే చెబుతాం. ఏ వానకు ఎక్కడిదాకా నీళ్లొస్తాయో ఆ వీధిలో ముప్పై ఏళ్లుగా ఉన్న ముసలమ్మకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు.

మంజూరైన ప్రతి పనికీ పేరు, మొత్తం, కాంట్రాక్టర్, మొదలుపెట్టే తేదీ, పూర్తయ్యే తేదీ, ఎన్నేళ్లలోపు పాడైతే ఉచితంగా బాగుచేయాలన్నది వార్డు సచివాలయం గోడ మీద రాయించండి. పని జరిగే చోట కూడా అదే బోర్డు పెట్టండి. నాణ్యత చూడటానికి ప్రతి వీధి నుంచి ఇద్దరు ముగ్గురం ముందుకొస్తాం. సిమెంటు కలిపేటప్పుడు నిలబడటానికి రిటైరైన ఇంజినీర్లు మాలోనే ఉన్నారు, జీతం అక్కర్లేదు. కాలువలో చెత్త వేయకుండా చూసుకోవడం మా వంతు. అది మేం ఒప్పుకుంటున్నాం. మా వీధుల్లో ఇప్పటికే దాని మీద తగవులు పడి మాట్లాడుకుంటున్నాం కూడా.

వచ్చే వానలు మొదలయ్యేలోగా రెండు పనులు జరిగితే మాకు నమ్మకం కుదురుతుంది. ఒకటి, రెండు ఛానళ్ల పూడిక తీత పూర్తిచేసి పంపులు నడిపి చూపించడం. రెండోది, స్టేషన్ నుంచి మూడు బస్టాండ్లను కలిపే బస్సు ప్రయోగంగానైనా మొదలుపెట్టడం. పంపులు నడిపే రోజు ఏదో ముందుగా చెప్పండి. ఆర్యాపురం, తుమ్మలావ వాళ్లం వచ్చి దగ్గరుండి చూస్తాం.

ఇట్లు,
రాజమండ్రి పల్లపు వీధుల వాసుల తరఫున,
ఆర్యాపురం నివాసి ఒకరు